తగవుకో పద్ధతి

2024 జనవరిలో తెలుగు వికీపీడియా (తెవికీ) ఇరవయ్యేళ్ల పండుగ విశాఖపట్నంలో జరిగింది. 2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వానికి జీతాలిచ్చే యజమాని లేడు, ప్రధాన సంపాదకుడూ లేడు. రాసేవాళ్లలో చాలామందికి ఒకరి ముఖం ఒకరికి తెలియదు. ఒకరు రాసిన వాక్యాన్ని ఇంకొకరు కొట్టేయవచ్చు, కొట్టేసినదాన్ని మూడో మనిషి మళ్లీ తెచ్చి పెట్టవచ్చు. ఇలాంటి చోట తగవులు రాకుండా ఉండవు, వచ్చాయి కూడా. అయినా ఇరవయ్యేళ్లు గడిచేసరికి లక్ష వ్యాసాల దరిదాపుల్లోకి వచ్చింది, ఆ తర్వాత లక్ష దాటింది. అంతమంది మంచివాళ్లు ఒకేచోట చేరడం వల్ల ఇది జరిగిందని నేననుకోను. తగవు పడటానికి అక్కడ ఒక పద్ధతి కట్టి ఉంది. ఆ కట్టడాన్ని దగ్గరగా చూస్తే దాన్ని కట్టినవాళ్ల మీద గౌరవం పుడుతుంది.

తెలుగులో విజ్ఞాన సర్వస్వం అనగానే కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గుర్తొస్తారు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని ఆయన తలకెత్తుకున్నారు, అది పూర్తికాకముందే 1923లో కన్నుమూశారు. అక్కడ ఏది ఉండాలో, ఏది పోవాలో తేల్చడానికి సంపాదకుడి మాట ఉంది. ఆ మాటకు వెనక ఆయన పాండిత్యం ఉంది. తెవికీలో ఆ కుర్చీయే లేదు. తొలినాళ్లలో దీనికి ప్రాణం పోసినవారిగా పేరున్న వెన్న నాగార్జున, పాత పద్ధతుల్లో ఉన్న తెలుగు పాఠాన్ని యూనికోడులోకి మార్చే ‘పద్మ’ అనే ఉపకరణాన్ని తయారుచేసిన సాంకేతిక నిపుణులు. ఆయనైనా మరొకరైనా, ఏ వ్యాసానికీ యజమాని కారు. సంపాదకుడి కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు ఆ పని నియమాలు చేయాలి. అందుకే వికీపీడియాను నిలబెట్టే ఐదు మూలస్తంభాల్లో నాలుగోది మర్యాదకే కేటాయించారు: పరస్పరం గౌరవంగా మెలగాలి. తటస్థ దృక్కోణంతో పాటు, స్వేచ్ఛగా వాడుకోగల పాఠంతో పాటు, మర్యాద కూడా పునాదిలోనే ఉంది. పై అంతస్తులో వేసిన రంగు కాదది.

కట్టడంలో అన్నిటికన్నా కిందున్న రాయి, చాలామంది మర్యాదతో ముడిపెట్టి చూడని భాగం: ‘చరిత్ర’. ప్రతి పేజీ పైనా ఆ ట్యాబు ఉంటుంది. ‘మార్పులను ప్రచురించు’ అన్న మీట నొక్కిన ప్రతిసారీ ఆ పేజీ మొత్తం ఒక కొత్త కూర్పుగా భద్రమవుతుంది. పాతది చెరిగిపోదు, దాని కింద వరసలో ఉండిపోతుంది. ఎవరు మార్చారు, ఏ రోజు, ఏ నిమిషాన, ఎన్ని బైట్లు పెరిగాయి లేదా తగ్గాయి అన్నది ఒక్కో వరసలో కనిపిస్తుంది. పెరిగితే ఆకుపచ్చ అంకె, తగ్గితే ఎర్రది. వికీ వాడే యూనికోడు రూపంలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి, ఎవరో మరిచిపోయిన ఒక్క సున్నాను చేర్చినా అక్కడ ‘+3’ అని పడుతుంది. ఆ మాత్రం పనికి కూడా పేరూ వేళా దక్కుతాయి. రెండు కూర్పులను ఎంచుకుని పోల్చి చూడమంటే ఎడమవైపు పాతది, కుడివైపు కొత్తది, మారిన అక్షరాలకు రంగు వేసి మరీ చూపిస్తుంది.

దీనికీ మర్యాదకూ సంబంధం ఏమిటి? రాసేవాడి కోపంలో సగం భయమే. గంటలకొద్దీ కూర్చుని రాసింది ఎవడో ఒక్క దెబ్బతో తీసేశాడు, ఇక పోయింది అన్న భయం. ఇక్కడ ఏదీ పోదు. తీసేసినది తిరిగి తేవడానికి తీసేసినంత శ్రమ కూడా అక్కర్లేదు. నష్టం శాశ్వతం కానప్పుడు గొంతు చించుకోవాల్సిన అవసరం తగ్గుతుంది. రెండో సంగతి: ‘నువ్వలా చేశావు’, ‘నేను చేయలేదు’ అనే వాదన ఇక్కడ సాగదు. చేసిన పనికి లంకె ఉంటుంది, అది చూపిస్తే చాలు. ఏ ఊళ్లో తగవు తీర్చాలన్నా సాక్ష్యం దగ్గరే సగం పొద్దు గడుస్తుంది. ఆ సగం పొద్దును వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో తొలి వికీని కట్టి, అతని తర్వాతివాళ్లు వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేరును కట్టి, మిగిల్చిపెట్టారు. మర్యాద గురించి ఒక్క ఉపదేశం లేకుండా మర్యాదకు దారి వేసిన భాగమిది. అందుకే నాకిది అన్నిటికన్నా ఇష్టం.

దాని పక్కనే ఉండే ఒక చిన్న పెట్టె పేరు ‘సారాంశం’. మార్పును ప్రచురించే ముందు, ఏం చేశారో ఎందుకు చేశారో ఒక్క వరసలో రాయమని అడుగుతుంది. రాయకపోయినా మార్పు ఆగదు. కానీ ఎవరి వాక్యాన్నైనా తీసేసి, ఈ పెట్టెను ఖాళీగా వదిలితే, ఎదుటి మనిషి దాన్ని తలుపు మొహం మీద వేసినట్టే తీసుకుంటాడు. అనుభవం ఉన్నవాళ్లకు ఈ పెట్టెలో రాయడం ఒక విద్య. ‘చెత్త తీసేశాను’ అని రాయవచ్చు. ‘మూలం లేదు, తీసేశాను’ అని రాయవచ్చు. ‘ఈ సంవత్సరానికి మూలం దొరకలేదు, దొరికితే దయచేసి చేర్చి తిరిగి పెట్టగలరు’ అనీ రాయవచ్చు. మూడింటిలోనూ తీసేసిన వాక్యం ఒకటే. మొదటిది మనిషిని బయటికి పంపుతుంది. రెండోది అతన్ని గుమ్మంలో నిలబెడుతుంది. మూడోది అతని చేతికి ఒక పని ఇస్తుంది. సముదాయం ఎన్నుకున్న నిర్వాహకుల దగ్గర ‘రోల్‌బ్యాక్’ అనే వేగమైన మీట ఉంది. ఒక వాడుకరి వరసగా చేసిన మార్పులన్నిటినీ కారణం అడగకుండానే అది ఒక్క నొక్కుతో వెనక్కి తిప్పేస్తుంది. కారణం చెప్పే అవకాశం లేని మీట కాబట్టే, స్పష్టమైన దుశ్చర్యల మీద తప్ప దాన్ని వాడకూడదన్నది పద్ధతి. నిజాయితీగా పొరబడిన మనిషి మీద దాన్ని వాడితే పని సరైనదైనా మర్యాద తప్పినట్టే.

ఇక చర్చ పేజీ. ప్రతి వ్యాసానికీ వెనక ఒక చర్చ పేజీ ఉంటుంది, ప్రతి వాడుకరికీ ఒకటి ఉంటుంది. అందరికీ సంబంధించిన సంగతులు మాట్లాడుకునే చోటుకు రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు. వ్యాసంలో వాదన పెట్టుకోకూడదు, వాదనంతా చర్చ పేజీలోకి రావాలి అన్నది మొదటి కట్టు. చదవడానికి వచ్చినవాడి ముందు కొట్లాట జరగదు. అలాగని కొట్లాటను దాచిపెట్టరు కూడా. ఎవరైనా పక్క ట్యాబు నొక్కి మొత్తం చదువుకోవచ్చు.

ఆ పేజీలో మాట్లాడటానికి ఉన్న చిన్న చిన్న ఏర్పాట్లు చూడండి. మాట ముగిశాక నాలుగు టిల్డె గుర్తులు కొడితే రాసినవారి పేరు, తేదీ, వేళ వాటంతట అవే పడతాయి. సంతకం లేకుండా మాట వదలకూడదన్నది అక్కడి పద్ధతి. జవాబు రాసేవారు వరస మొదట్లో ఒక కోలన్ పెడతారు, ఆ జవాబుకు జవాబు రాసేవారు రెండు పెడతారు. మెట్టు మెట్టుగా కుడివైపు జరుగుతూ పోతుంది కాబట్టి ఎవరు ఎవరికి బదులిస్తున్నారో కళ్లకు కనిపిస్తుంది. మాట ఒకరిదైతే కోపం ఇంకొకరి మీదికి పోయే ప్రమాదం తప్పుతుంది. మీరు రాసినదానికి ఎవరైనా జవాబిచ్చాక, మీ మాట తప్పనిపిస్తే దాన్ని చెరిపేయకూడదు. దాని మీద అడ్డగీత గీసి పక్కన కొత్త మాట రాయాలి. లేకపోతే జవాబిచ్చినవాడి మాట గాలిలో వేలాడుతుంది, అతనే లేనిపోనిది అన్నట్టు కనిపిస్తాడు. మాట వెనక్కి తీసుకునే హక్కును ఉంచుతూనే, ఎదుటివాడి పరువును కాపాడే ఏర్పాటిది. ఇంత సన్నని పనితనం రాతకోతల్లో ఇంకెక్కడైనా ఉందా అంటే వెంటనే గుర్తుకు రావడం లేదు. సద్దుమణిగిన చర్చలను కూడా తుడిచెయ్యరు, పాత చర్చల పేజీలోకి తరలిస్తారు.

చర్చలో ఎవరి పేరైనా లంకెతో ప్రస్తావిస్తే వారికి కబురు వెళ్తుంది. అయితే అదే మార్పులో మీ సంతకం కూడా ఉంటేనే వెళ్తుంది. పిలిచినవాడెవరో తెలియకుండా ఎవరినీ పిలవడానికి వీల్లేదన్నమాట. ‘ధన్యవాదాలు’ అనే మీట 2013లో వచ్చింది. ఎవరు ఎవరికి కృతజ్ఞత చెప్పారో చిట్టాలో అందరికీ కనిపిస్తుంది, ఏ మార్పుకో మాత్రం కనిపించదు. మెచ్చుకోలు దాచుకోవాల్సినది కాదు, కానీ నలుగురు తగవు పడుతున్న చోట ఏ వాక్యాన్ని మెచ్చుకున్నారో బయటపడితే అది పక్షం వహించినట్టు అవుతుంది. ఆ తేడాను గుర్తుపెట్టుకుని కట్టినవాళ్లకు మనుషులు బాగా తెలుసు.

ఇంతవరకు చెప్పినవి పనిముట్లు. వీటి మీద నియమాలు కూర్చున్నాయి. తెవికీ నియమాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు వికీపీడియాలో రూపుదిద్దుకుని అనువాదమై వచ్చినవే. కానీ తెలుగువాళ్లు తమ వైపు నుంచి ఒకటి కలిపారు. దాన్ని ఎవరూ నియమంగా రాయలేదు: వాడుకరిపేరు ఎంత వింతదైనా, వయసు తెలిసినా తెలియకపోయినా, చివర ‘గారు’ పెట్టి ‘మీరు’ అనే పిలుస్తారు. డిగ్రీ చదివే కుర్రాడూ గారే, రిటైరైన ఇంజినీరూ గారే. ఊళ్లో వయసుకూ ఉద్యోగానికీ కులానికీ తగ్గట్టు పిలుపు మారిపోతుంది. ఇక్కడ అందరికీ ఒకే మెట్టు. కొట్టేయాల్సిన వాక్యమే అయినా ‘గారూ’ అని మొదలుపెట్టాక, దాని తర్వాత వచ్చే మాట ఎంత కరుకుగా ఉండాలన్నా ఒక హద్దులో ఆగుతుంది.

రాసి ఉన్న నియమాల్లో మొదటిది: ఎదుటివారి ఉద్దేశం మంచిదేనని అనుకోండి. ఇది వినడానికి నీతివాక్యంలా ఉంటుంది. నిజానికి ఇది పని వేగాన్ని పెంచే సూత్రం. కొత్తగా వచ్చిన ఒకాయన తన ఊరి వ్యాసంలో పాత మూలం తీసేశాడంటే, చెరపడానికే తీశాడని అనుకోవచ్చు, మీట తెలియక తీశాడనీ అనుకోవచ్చు. రెండోది అనుకుంటే ఖర్చయ్యేది ఒక జవాబు. మొదటిది అనుకుంటే, అది తప్పైన పక్షంలో ఖర్చయ్యేది ఒక మనిషి. తెలుగులో రాసే స్వచ్ఛంద సేవకులు కొద్దిమందే కాబట్టి రెండో ఖర్చు భరించరానిది. కొత్తవారిని ఆదరించమని ఒక మార్గదర్శకం విడిగా ఉన్నది కూడా ఇందుకే. కొత్తవారికి నియమాలు తెలియకపోవడం నేరం కాదని అది చెబుతుంది. స్వాగత సందేశం పెట్టడం, అలవాటు చేసుకోవడానికి ప్రయోగశాల అనే పేజీ చూపించడం, దిద్దిన చోట ఎందుకు దిద్దామో చెప్పడం దాని ఆచరణ. నా దృష్టిలో మొత్తం నియమావళిలో ఒక్కటే మిగలాలంటే మిగలాల్సింది ఇదే.

తర్వాతిది వ్యక్తిగత దాడుల నిషేధం. దీని గుండె ఒకే సూత్రం: చేసిన పని మీద మాట్లాడండి, చేసినవారి మీద కాదు. ‘ఈ వాక్యంలో కర్త ఎవరో తెలియడం లేదు’ అనవచ్చు. ‘మీకు తెలుగు రాదు’ అనకూడదు. గీత ఇంత స్పష్టంగా ఉండటం వల్ల తీర్పు చెప్పేవాడి పని తేలికవుతుంది. మాటలో ఎంత ఘాటు ఉందో తూచక్కర్లేదు, ఆ మాట దేని మీద పడిందో చూస్తే చాలు. వాక్యం మీద పడిన ఘాటును వ్యాసం తట్టుకుంటుంది.

మూడు తిరుగుసేతల నియమం మరో రకం పనితనం. ఒక పేజీలో ఇతరులు చేసిన మార్పులను ఇరవై నాలుగు గంటల్లో మూడు సార్లకు మించి ఒకే మనిషి వెనక్కి తిప్పకూడదు. ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అని ఈ నియమం అడగదు. ఒప్పు మీ పక్షాన ఉన్నా సరే, నాలుగోసారి తిప్పితే నియమం మీరినవారు మీరే. మొదట్లో ఇది అన్యాయంగా తోస్తుంది. కాస్త ఆలోచిస్తే, నిజం ఎవరి పక్షాన ఉందో అప్పటికప్పుడు తేల్చగల న్యాయమూర్తి లేని చోట, తేల్చకుండానే చేతులు ఆపగల ఏకైక ఉపాయం లెక్కపెట్టడమేనని అర్థమవుతుంది. లెక్క ఎవరైనా పెట్టగలరు. చరిత్ర పేజీ ఉంది కాబట్టి లెక్క తప్పదు. పైగా ఆ గడువులో ఒక రాత్రి ఉంటుంది. నిద్రపోయి లేచిన మనిషి చర్చ పేజీకి వచ్చే అవకాశం ఎక్కువ.

నిర్వాహకులు అనేవాళ్లను సముదాయమే చర్చించి, ఓటు వేసి ఎన్నుకుంటుంది. పేజీని తొలగించడం, సంరక్షించడం, వాడుకరిని నిరోధించడం వారి చేతిలో ఉంటాయి. తామే ఒక పక్షంగా ఉన్న తగవులో వారు ఆ పనిముట్లు వాడకూడదు. విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేసినవాళ్లకు దీని వెనకున్న ఆలోచన వెంటనే తెలుస్తుంది. కన్వేయర్ బెల్టుకు మరమ్మతు చేయాలంటే ముందు షట్‌డౌన్ తీసుకోవాలి. కరెంటు తీసే మనిషి వేరు, బెల్టు మీద చెయ్యి వేసే మనిషి వేరు, పర్మిట్ మీద ఇద్దరి సంతకాలూ పడితేనే పని మొదలవుతుంది. ఇద్దరిలో ఎవరి మీదా అనుమానం ఉండి పెట్టిన పద్ధతి కాదది. మంచి పనివాడికి కూడా షిఫ్టు చివర చూపు తప్పుతుందన్న ఎరుకతో పెట్టింది.

నిర్వాహకుడు ఒక పేజీని సంరక్షిస్తే అది ఆ క్షణానికి ఎలా ఉంటే అలా గడ్డకట్టుకుపోతుంది. తప్పు కూర్పు మీదే తాళం పడిందని రెండు పక్షాల్లో ఒకటి ఎప్పుడూ బాధపడుతుంది. తాళం తీర్పు కాదు, మాట్లాడుకోవడానికి ఇచ్చిన గడువు మాత్రమే అన్నది అందరూ ఒప్పుకోవాల్సిన సంగతి. నిరోధం కూడా శిక్ష కాదని నియమం స్పష్టంగా చెబుతుంది. జరగబోయే హానిని ఆపడానికే అది. అందుకే దానికి సాధారణంగా గడువు ఉంటుంది, కారణం రాసి ఉంటుంది, చిట్టా అందరికీ కనిపిస్తుంది, మామూలుగా నిరోధం పడిన మనిషికి కూడా తన చర్చ పేజీలో రాసుకునే వీలు మిగులుతుంది. తన వాదన చెప్పుకునే నోరు మాత్రం మూయరు.

ఇన్ని భాగాలు కలిసి ఎలా నడుస్తాయో చూడటానికి ఒక పేజీని ఊహించుకుందాం. విశాఖ ఉక్కు కర్మాగారం గురించిన వ్యాసం. 1966 నాటి ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ ఉద్యమం, 1971 జనవరిలో ఇందిరాగాంధీ వేసిన శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం, వంద శాతం పెట్టుబడుల ఉపసంహరణకు 2021 జనవరి 27న కేంద్రం ఇచ్చిన సూత్రప్రాయ ఆమోదం, 2025 జనవరిలో ప్రకటించిన 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ. ఈ వరసలో ఏ వాక్యం ముట్టుకున్నా విశాఖలో ఎవరికో ఒకరికి గుండెల్లో తగులుతుంది. కర్మాగారంలో పనిచేసే ఒకాయన ‘అమ్మేస్తున్నారు’ అని రాశాడనుకోండి. మరొకాయన దాన్ని తీసి ‘పెట్టుబడుల ఉపసంహరణ’ అని పెట్టి, సారాంశంలో ‘ప్రభుత్వ ప్రకటనలోని మాట’ అని రాశాడు. మొదటాయన తిరిగి మార్చాడు. రెండోసారి, మూడోసారి. ఇక లెక్క అడ్డొస్తుంది. చర్చ పేజీలో ‘గారూ’ అంటూ మొదలవుతుంది. అక్కడ ‘నువ్వు ఏ పార్టీ మనిషివి’ అనే ప్రశ్నకు చోటు లేదు, ఎందుకంటే అది మనిషి మీద పడే మాట. ‘ఈ మాటకు ఏ పత్రికలో ఏ రోజు మూలం ఉంది’ అనే ప్రశ్నకే చోటుంది. మూలాలు వెతకడానికి ఇద్దరూ లేచి వెళ్తారు. తిరిగొచ్చేసరికి వ్యాసంలో రెండు వాక్యాలు నిలుస్తాయి. కేంద్రం తన నిర్ణయాన్ని ఏ మాటతో ప్రకటించిందో ఒకటి చెబుతుంది. కార్మిక సంఘాలు దాన్ని ఏ మాటతో వ్యతిరేకించాయో రెండోది చెబుతుంది. రెండింటికీ పక్కన మూలం ఉంటుంది. పాఠకుడికి అంతకుముందు ఒక్క వైపే తెలిసేది, ఇప్పుడు రెండు వైపులూ తెలిశాయి. మర్యాద నియమాలు వ్యాసం నాణ్యతను ఎలా పెంచుతాయో ఇందులో కనిపిస్తుంది. కోపం ఎక్కడికీ పోలేదు, అది మూలాలు వెతికే శ్రమగా మారింది.

నిజంగా జరిగిన పరీక్షలూ ఉన్నాయి. 2009 నుంచి 2014 దాకా రాష్ట్రం రెండుగా విడిపోతున్న ఏళ్లలో ఇరుప్రాంతాల వాళ్లూ ఒకే వికీలో రాశారు, విడిపోయాకా ఒకే వికీలో రాస్తున్నారు. 2016లో తెలంగాణ జిల్లాలు పది నుంచి ముప్ఫై ఒకటయ్యాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు పదమూడు నుంచి ఇరవై ఆరయ్యాయి. విశాఖపట్నం జిల్లాలోంచి అనకాపల్లి జిల్లా విడివడింది, ఏజెన్సీ భాగం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయింది. పాడేరు ఇప్పుడు ఏ జిల్లా? పాత జిల్లా పేరు వ్యాసంలో ఉంచాలా, తీసేయాలా? వేలాది గ్రామాల పేజీల్లో ఈ ప్రశ్నకు ఒకే జవాబు ఉండాలి. ఇలాంటివి ముందు రచ్చబండలో తేల్చుకుని తర్వాత పేజీల మీదికి వెళ్లడం అలవాటైన సముదాయానికే ఈ పని సాధ్యం. 2009-11 మధ్య గూగుల్ అనువాద ఉపకరణంతో తయారై వచ్చిపడిన వ్యాసాల సంగతీ అంతే. వాటి భాష చదవలేనంత కృతకంగా ఉండేది. తప్పు యంత్రానిదా, సరిచూడనివారిదా అని తిట్టుకుంటూ కూర్చోకుండా, కొన్నిటిని తిరగరాశారు, బాగుపడవనుకున్నవాటిని చర్చించి తొలగించారు.

బయటి ప్రపంచంలో ఇదే సమస్యతో పెద్దపెద్దవాళ్లు తలపట్టుకున్నారు. కంప్యూటర్లను నడిపే లినక్స్ కెర్నెల్ రాసేవాళ్లు కరుకు మాటలకు పేరుమోశారు. 2018 సెప్టెంబరులో దాని సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ తన ప్రవర్తనకు క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నాడు. అదే సమయంలో ఆ ప్రాజెక్టు ఒక ప్రవర్తనా నియమావళిని స్వీకరించింది. డెబియన్ అనే మరో సాఫ్ట్‌వేరు ప్రాజెక్టు 2014లోనే ఓటు వేసి ఒకటి తెచ్చుకుంది. వికీపీడియాకు వెనకున్న వికీమీడియాలో సాంకేతిక విభాగాలకు 2017లో వచ్చింది. అన్ని భాషల వికీలకూ వర్తించే సార్వత్రిక ప్రవర్తనా నియమావళి 2021 ఫిబ్రవరిలో వెలువడింది.

ఈ చివరిదాని కూర్పు ప్రత్యేకంగా చదవదగినది. మనుషుల్ని కించపరిచే కారణాల జాబితాలో మతం, జాతి, లింగం, వయసులతో పాటు కులాన్నీ పేరుపెట్టి చేర్చారు. ప్రపంచమంతటికీ రాసిన పత్రంలో ఆ ఒక్క పదం ఉండటం మన దేశం నుంచి రాసేవాళ్లకు చిన్న విషయం కాదు. మరో చోట, విడివిడిగా చూస్తే తప్పనిపించని వెక్కిరింపులు పదేపదే సాగితే, అన్నీ కలిపి అవమానం కిందికే వస్తాయని ఉంది. ఎవరికీ దొరక్కుండా పొడిచే సూదిపోట్లకు ఇది కళ్లెం. ఇంకో చోట, ఎక్కువ అనుభవం, పరిచయాలు ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా మెలగాలని, వాళ్ల నోటి నుంచి వచ్చే కరుకు మాట వాళ్లు ఊహించినదానికన్నా ఎక్కువ హాని చేయగలదని ఉంది. పెద్దరికాన్ని హక్కుగా కాకుండా బరువుగా లెక్కగట్టిన వాక్యమది. దీన్ని అమలుచేసే మార్గదర్శకాలను కూడా పైనుంచి రుద్దలేదు. 2022లో జరిగిన ఓటులో సగానికి పైగా ఒప్పుకున్నా, వచ్చిన అభ్యంతరాలను చూసి తిరిగి దిద్దారు. 2023 జనవరిలో మళ్లీ ఓటుకు పెట్టారు. మూడు వేలమందికి పైగా ఓటు వేస్తే, నాలుగింట మూడొంతుల మంది ఔనన్నారు. మర్యాద నియమాన్ని మర్యాదగా తయారుచేయడం అంటే ఇది.

ఈ కట్టడంలో లోటు లేదని చెప్పను. తెవికీ లాంటి చిన్న సముదాయంలో ఆ కొద్దిమందే రాస్తారు, ఆ కొద్దిమందే తీర్పు చెబుతారు. తగవులో లేని నిర్వాహకుడు తీర్పు చెప్పాలన్న నియమం ఉన్నా, అలాంటివాడు ఆ రోజు దొరకాలి కదా. అందరూ ఒకరినొకరు ఏళ్లుగా ఎరిగినవాళ్లైనప్పుడు మొహమాటం ఒక పక్క, పాత మనస్పర్థలు ఒక పక్క పనిచేస్తాయి. ‘గారు’ అన్న పిలుపు కింద కూడా చల్లని అవమానం దాక్కోగలదు. స్థానికంగా తేలని విషయాలను బయట వినిపించుకోవడానికి ఆ సార్వత్రిక నియమావళి కింద ఒక సమన్వయ సంఘాన్ని 2024లో ఎన్నుకోవడం ఈ లోటు పూడ్చే ప్రయత్నంలో భాగమే. కానీ అసలు మందు అది కాదు. చర్చలో మూడో గొంతు, నాలుగో గొంతు వినిపించాలి. ఇద్దరి మధ్య బిగుసుకున్న తగవు మూడో మనిషి అడుగుపెట్టగానే సడలడం ఎవరైనా చూసే ఉంటారు. నియమాలు ఎంత బాగా కట్టినా, ఆ మూడో మనిషిని అవి తయారుచేయలేవు.

కాబట్టి చదివేవారికి నా విన్నపం. గాజువాకో, భీమిలో, అరకో, మీ ఊరి వ్యాసాన్ని తెవికీలో తెరవండి. ముందు చరిత్ర ట్యాబు నొక్కి అది ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో చూడండి. ఆ తర్వాత చర్చ పేజీ చదవండి. మీకు తెలిసిన ఒక్క వివరాన్ని మూలంతో సహా చేర్చి, సారాంశం పెట్టెలో ఏం చేశారో రాసి ప్రచురించండి. ఎవరైనా దాన్ని దిద్దితే, ఎందుకు దిద్దారో చర్చ పేజీలో అడగండి. అడిగేటప్పుడు సంతకం మరవకండి.